ఎమర్జెన్సీ వైద్యంలో కొత్తగా వచ్చినవి: కర్నూలు, అనంతపురం, కడప వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమర్జెన్సీ వార్డు తలుపు బయట నిలబడి బంధువులు మమ్మల్ని అడిగే ప్రశ్నలివి. అక్కడ అడిగినప్పుడు నింపాదిగా జవాబు చెప్పే తీరిక మాకుండదు, వినే స్థితిలో వాళ్లూ ఉండరు. ఇంట్లో అందరూ బాగున్నప్పుడే ఒకసారి చదివి పెట్టుకోండి.

ఛాతీ నొప్పి వస్తే నేరుగా హైదరాబాదుకో బెంగళూరుకో తీసుకుపోవడం మేలు కదా?

మేలు కాదు. అందరికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే, అందుకే ముందు పెట్టాం. కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం నుంచి బెంగళూరు రెండూ 200 కిలోమీటర్ల పైమాటే. గుండె రక్తనాళంలో గడ్డ అడ్డం పడితే, కారు తుంగభద్ర దాటుతున్నంత సేపూ, టోల్‌గేట్ దగ్గర ఆగినంత సేపూ గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది. అలా పోయిన కండరం తర్వాత ఎంత పెద్ద ఆసుపత్రికి వెళ్లినా తిరిగి రాదు.

ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఇదివరకు ఎక్కువగా స్ట్రెప్టోకైనేజ్ వాడేవాళ్లు. దాన్ని సెలైన్‌లో కలిపి అరగంట నుంచి గంటసేపు ఎక్కించాలి, మధ్యలో బీపీ పడిపోతుంటుంది. ఇప్పుడు టెనెక్టెప్లేజ్ వచ్చింది. మనిషి బరువు చూసి డోసు లెక్కగట్టి, పది సెకన్లలో ఒకేసారి నరానికి ఇచ్చేస్తారు. అంత సులువైన మందు కాబట్టే చిన్న ఆసుపత్రిలో కూడా ఇవ్వగలుగుతున్నారు. బయట కొంటే వేల రూపాయల ఖరీదు చేసే ఈ ఇంజెక్షన్‌ను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు మన రాష్ట్రంలో జరిగింది. ఈసీజీ తీసి పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరుకు ఫోన్‌లో పంపుతారు, ఆయన చూసి సరే అంటే ఇంజెక్షన్ ఇస్తారు.

నొప్పి మొదలైన 12 గంటల లోపు ఈ మందు పనిచేస్తుంది. మొదటి రెండు మూడు గంటల్లో పడితే దక్కే ఫలితం వేరు. ఆ తర్వాత 24 గంటల లోపు యాంజియోగ్రామ్ చేసి, అవసరమైతే స్టెంట్ వేస్తారు. రెండు గంటల లోపే స్టెంట్ వేసే చోటికి చేరగలిగితే ఇంజెక్షన్ లేకుండా నేరుగా స్టెంట్ వేయడమే ఉత్తమం. కర్నూలు టౌనులో ఉన్నవాళ్లకు అది కుదురుతుంది. ఆలూరులోనో కళ్యాణదుర్గంలోనో బద్వేలులోనో ఉన్నవాళ్లకు కష్టం. వాళ్లు ముందు దగ్గరి ఆసుపత్రిలో ఇంజెక్షన్ వేయించుకుని, ఆ తర్వాత అంబులెన్సులో పెద్దాసుపత్రికి బయలుదేరాలి.

అందరికీ ఈ ఇంజెక్షన్ ఇవ్వరు. ఇంతకుముందు మెదడులో రక్తస్రావం అయినవాళ్లకు, ఈ మధ్యే పెద్ద ఆపరేషన్ జరిగినవాళ్లకు ప్రమాదం. సుమారు వందలో ఒకరికి మెదడులో రక్తం చిమ్మే అవకాశం ఉంది కాబట్టే సంతకం అడుగుతారు. సంతకం పెట్టడానికి పెద్దనాన్న రావాలి, బావ రావాలి అని గంట ఆపకండి.

అది గ్యాస్ నొప్పా, గుండె నొప్పా ఎలా తెలుసుకోవాలి?

ఇంట్లో తెలియదు. ఈసీజీ తీయాల్సిందే. రొమ్ము మీద బరువు పెట్టినట్టుండి చెమటలు పడితే, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే సోడా తాగించి చూద్దాం అనుకోవద్దు. షుగరు ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో నొప్పే లేకుండా ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే ఉండొచ్చు. వాళ్ల విషయంలోనే ఎక్కువ ఆలస్యం జరుగుతోంది.

ఈసీజీ బాగుందన్నారు. మరి ఇంటికి ఎందుకు పంపడం లేదు?

మొదటి ఈసీజీలో గుండెపోటు కనపడకపోవచ్చు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు ట్రోపోనిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. పాత పరీక్షలో అది బయటపడటానికి ఆరు గంటలైనా ఆగాల్సి వచ్చేది. ఇప్పుడున్న హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ పరీక్ష అతి తక్కువ మోతాదును కూడా పట్టేస్తుంది. రాగానే ఒకసారి, ఒకటి నుంచి మూడు గంటల తర్వాత ఇంకోసారి రక్తం తీసి, రెండు అంకెల మధ్య తేడా చూస్తారు. రెండోసారి రక్తం తీస్తున్నారంటే మొదటి రిపోర్టు పోగొట్టారని కాదు.

మూతి వంకర పోయింది, చెయ్యి పడిపోయింది. పసరు మందుకు పోదామా, ఆసుపత్రికి పోదామా?

ఆసుపత్రికే, అదీ సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే. పక్షవాతం రెండు రకాలు. గడ్డ అడ్డుపడి వచ్చేది ఒకటి, నరం చిట్లి రక్తం కారడం వల్ల వచ్చేది ఇంకొకటి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. సీటీ తీయకుండా ఏది ఏదో ఏ డాక్టరూ చెప్పలేడు. కాబట్టి గుండెపోటుకు ఇచ్చినట్టు ఇంట్లో ఆస్పిరిన్ మింగించవద్దు. నోట్లో నీళ్లు కూడా పోయవద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి, మనిషి ఆఖరుసారి బాగా ఉన్నప్పటి నుంచి నాలుగున్నర గంటల లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. 1995లో అమెరికాలో జరిగిన పరిశోధన మూడు గంటల లోపు ఇస్తే లాభం ఉందని తేల్చింది, 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. అప్పుడు వాడింది ఆల్టెప్లేజ్, ఒక గంటసేపు ఎక్కించాలి. ఇప్పుడు పక్షవాతానికి కూడా టెనెక్టెప్లేజ్ ఒకే డోసుగా ఇస్తున్నారు.

'ఆఖరుసారి బాగా ఉన్నప్పుడు' అన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. రాత్రి పదింటికి బాగానే పడుకున్నాడు, పొద్దున ఆరింటికి లేవలేకపోయాడు అంటే లెక్క రాత్రి పది నుంచే మొదలవుతుంది.

గంటలు దాటిపోతే ఇక దారి లేదా?

కొందరికి ఉంది. పెద్ద రక్తనాళం మూసుకుపోతే తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం మెదడు దాకా పంపి గడ్డను బయటికి లాగేస్తారు. మెకానికల్ థ్రాంబెక్టమీ అంటారు. 2015లో దీని మేలు రుజువైంది. స్కాన్‌లో ఇంకా బతికించగల మెదడు భాగం కనిపిస్తే 24 గంటల వరకూ చేయొచ్చని 2018లో తేలింది. ఇది అన్ని చోట్లా చేసే పని కాదు, చేసే చోటికి మీ డాక్టరే ఫోన్ చేసి పంపాలి. పెద్ద ఊరికి పరుగెత్తడం నిజంగా అవసరమయ్యే సందర్భం ఇదే, అయినా సీటీ మాత్రం ఇక్కడే ముందు తీయించాలి.

మేము ముందొచ్చాం, మా తర్వాత వచ్చినవాళ్లను ముందు చూస్తున్నారు. ఇదేం న్యాయం?

రాగానే ఊపిరి, నాడి, బీపీ, ఆక్సిజన్, స్పృహ చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని విడదీస్తారు. దీన్ని ట్రయాజ్ అంటారు. ఎరుపు అంటే నిమిషాలు కూడా ఆగలేని మనిషి. మీ వంతు ఆలస్యమవుతోందంటే మీ మనిషి ప్రాణానికి ఆ క్షణంలో ముప్పు లేదని అర్థం. కూర్చున్నాక పరిస్థితి మారితే, మత్తుగా జోగుతున్నా, ఆయాసం పెరిగినా వెంటనే వచ్చి చెప్పండి. మళ్లీ చూసి రంగు మారుస్తారు.

పాము కరిస్తే కట్టు కట్టాలా? ఏ పామో తెలియకపోతే మందు ఎలా ఇస్తారు?

గట్టిగా కట్టు కట్టవద్దు, బ్లేడుతో కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద పెట్టి, మనిషిని నడిపించకుండా తీసుకురండి. పామును చంపి సంచిలో తేవాల్సిన పని లేదు, తేబోయి ఇంకొకరు కాటు తిన్న సందర్భాలు ఉన్నాయి.

మన దగ్గర దొరికే విరుగుడు నాలుగు పాములకూ కలిపి పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. అందుకే పాము పేరు తెలియకపోయినా వైద్యం ఆగదు. ఒంట్లో విషం ఏం చేస్తోందన్నదే మేము చూస్తాం. రెప్పలు వాలిపోతున్నాయా, మాట ముద్దగా వస్తోందా, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా, మూత్రం ఎర్రగా ఉందా అని.

దీనికి తోడు ఒక పరీక్ష ఉంది. ఖర్చు దాదాపు సున్నా, యంత్రం అక్కర్లేదు, చిన్న పీహెచ్‌సీలో కూడా చేయొచ్చు. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు టెస్ట్ ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత మెల్లగా ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టి అడుగున నిలబడితే సరే. నీళ్లలా జారిందంటే పింజరి విషం రక్తంలో పని మొదలుపెట్టిందన్న మాట, వెంటనే విరుగుడు ఎక్కించాలి. ట్యూబు ప్లాస్టిక్‌ది అయినా, సబ్బుతో కడిగింది అయినా ఫలితం తప్పుతుంది. మనిషి బాగానే ఉన్నాడు కదా అని మీకనిపించినా ఈ పరీక్షను మళ్లీ మళ్లీ చేస్తారు. ఒక రోజు ఉంచుకుని గమనించకుండా పంపరు.

విరుగుడు మామూలుగా పది వయల్స్‌తో (చిన్న మందు సీసాలతో) మొదలవుతుంది. చిన్నపిల్లలకూ అదే డోసు, ఎందుకంటే పాము పిల్లవాడిని చూసి తక్కువ విషం వదలదు. కొందరికి ఈ మందు పడక దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం జరుగుతుంది. అందుకని అడ్రినలిన్ పక్కన సిద్ధంగా పెట్టుకునే ఎక్కిస్తారు.

కట్లపాము గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, గొంతు పట్టేయడం, కళ్లు తెరవలేకపోవడం ఉంటే, ఏమీ కరవలేదని ఇంట్లోవాళ్లు అన్నా మేము కట్లపాము కాటునే అనుమానిస్తాం. ఊపిరి ఆగే స్థితి వచ్చినా వెంటిలేటరు మీద పెట్టి కాపాడొచ్చు. ఇలాంటివాళ్లు రోజుల తర్వాత లేచి నడిచి ఇంటికి పోతారు.

పాముకాటుకు మాత్ర వస్తోందని విన్నాం, నిజమేనా?

వరెస్ప్లాడిబ్ అనే మందు మీద మన దేశంలో, అమెరికాలో మనుషుల మీద పరీక్షలు జరిగాయి. దారిలోనే మింగించగలిగే మందు కావడం దాని ఆకర్షణ. మామూలు వైద్యంలోకి ఇంకా రాలేదు. ఇప్పటికి విరుగుడు ఇంజెక్షనే మార్గం.

తేలు కుడితే ప్రాణం పోతుందా? దానికి విరుగుడు ఉందా?

కోడుమూరు కొండలరాయుడి కొండ మీద శ్రావణ మాసంలో భక్తులు తేళ్లను చేత్తో పట్టుకుని స్వామికి అర్పించడం చూసి, తేలంటే భయం లేదని కొందరు అనుకుంటారు. భక్తి భక్తే. ఇంట్లో ఎర్రతేలు పసిబిడ్డను కుడితే మాత్రం ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. నొప్పి ఎంతున్నా అది ప్రాణం తీయదు. చెమటలు, వాంతులు, చల్లబడిన చేతులు, ఆ తర్వాత వచ్చే ఆయాసం, గుండె దెబ్బతినడం ప్రాణం తీస్తాయి.

ఒకప్పుడు ఈ దశకు చేరిన పిల్లలు చాలామంది దక్కేవారు కాదు. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసే డాక్టర్ హిమ్మత్‌రావ్ బవాస్కర్, బీపీకి వాడే ప్రాజోసిన్ అనే చవక మాత్రతో ఆ మరణాలను బాగా తగ్గించవచ్చని 1980ల్లో చూపించారు. ప్రాజోసిన్‌తో పాటు తేలు విరుగుడు కూడా ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని 2011లో ఆయనే ప్రచురించారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మన నేల మీద, మన పల్లెల జబ్బుకు, పల్లె డాక్టరు కనుక్కున్న వైద్యం ఇది. రాయలసీమలో ఎందరు పిల్లలు దీనివల్ల బతికారో తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

యాక్సిడెంట్‌లో రక్తం పోతుంటే దారిలో మేమేం చేయాలి? ఆసుపత్రిలో కొత్తగా ఏం చేస్తున్నారు?

మీరు చేయాల్సింది గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోవడం, వదిలి వదిలి చూడకుండా. చెయ్యో కాలో తెగి రక్తం చిమ్ముతూ అదుముడుకు ఆగకపోతే, గాయానికి పైన వెడల్పాటి పట్టీ బిగించి, కట్టిన టైమ్ రాసి పెట్టండి. పాముకాటుకు కట్టు వద్దన్నాం, ఇక్కడ కావాలంటున్నాం. రెంటినీ కలపవద్దు.

44వ నంబరు హైవే మీద డోన్, గుత్తి, పెనుకొండ దగ్గర జరిగే ప్రమాదాల్లో పైకి చిన్న గీతలే ఉండి, లోపల కాలేయమో ప్లీహమో చిట్లినవాళ్లు వస్తుంటారు. వాళ్లను సీటీకి తీసుకుపోయే లోపే కుప్పకూలిపోయేవారు. ఇప్పుడు మంచం పక్కకే అల్ట్రాసౌండ్ వచ్చింది. డాక్టరు కడుపు మీద జెల్ రాసి ప్రోబ్ ముందు కుడి పక్కటెముకల కింద పెడతాడు, కాలేయానికీ మూత్రపిండానికీ మధ్య చూస్తాడు. తర్వాత ఎడమవైపు ప్లీహం దగ్గర, పొత్తికడుపులో, గుండె చుట్టూ, చివరగా రెండు ఊపిరితిత్తుల మీద. అవయవాల మధ్య నల్లటి చార కనపడిందంటే అక్కడ రక్తం చేరిందని. మొత్తం రెండు మూడు నిమిషాల పని. ఆ నల్లచార కనిపించి, బీపీ కూడా పడిపోతుంటే ఇంకే స్కానూ లేకుండా నేరుగా ఆపరేషన్ థియేటర్‌కు తీసుకుపోతారు.

రక్తం ఆపడానికి ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇస్తారు. 1962లో జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త కలిసి కనుక్కున్న మందు ఇది. ఆడవాళ్లకు నెలసరిలో రక్తం ఎక్కువైతే రాసే మాత్ర కూడా ఇదే. ఇరవై వేల మందికి పైగా క్షతగాత్రుల మీద జరిగిన పరిశోధన 2010లో వచ్చాకే యాక్సిడెంట్ వైద్యంలో స్థిరపడింది. మూడు గంటల లోపు ఇవ్వాలి, దాటితే మేలు బదులు కీడు జరగొచ్చు. ఇంకో మార్పు: బాటిళ్ల కొద్దీ సెలైన్ ఎక్కించడం తగ్గించారు. ఎక్కువ సెలైన్ పోస్తే రక్తం పలుచబడి గడ్డకట్టదు, ఒళ్లు చల్లబడుతుంది. వీలైనంత త్వరగా రక్తమే ఎక్కిస్తారు, అందుకే రక్తదాతలను అడుగుతారు.

దేవరగట్టు బన్నీలో తలకు దెబ్బ తగిలితే పసుపు పెట్టుకుని ఊరుకోవచ్చా?

దసరా రాత్రి కర్రల సమరంలో తల పగిలి, కట్టు కట్టించుకుని మళ్లీ గుంపులోకి పోయేవాళ్లు ఉంటారు. చర్మం చీలితే కుట్లు వేస్తే సరిపోతుంది. కానీ స్పృహ తప్పి లేచినా, రెండుసార్లు, అంతకు మించి వాంతి అయినా, తలనొప్పి పెరుగుతున్నా, మత్తుగా ఉన్నా, చెవిలోంచో ముక్కులోంచో నీళ్లలా కారుతున్నా సీటీ తీయాలి. లేచి బాగా మాట్లాడి, కొన్ని గంటల తర్వాత పడిపోయే రకం రక్తస్రావం ఒకటుంది. మందు తాగి ఉంటే మత్తు దేనిదో తేల్చడం మరీ కష్టం, అలాంటివారికి సీటీ విషయంలో తటపటాయించం.

గాయపడినవాళ్లను తెస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామా? డబ్బు కట్టనిదే చేర్చుకోరా?

ఇరుక్కోరు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ మంచి మనసుతో సాయం చేసినవారిని కాపాడుతుంది. పేరు చెప్పడం కూడా మీ ఇష్టం. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ఏ ఆసుపత్రి అయినా ముందు వైద్యం చేయాలని, పోలీసు కాగితాలు తర్వాతని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందాలి. చేరేటప్పుడు ఈ పథకం పేరు చెప్పి అడగండి.

పురుగుల మందు తాగినవాళ్లకు ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవచ్చా?

వద్దు. ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే రెండో ప్రమాదం. బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడిగి, డబ్బానో దాని లేబులో వెంట తీసుకురండి. మందు పేరును బట్టే వైద్యం. కొన్ని రకాలకు అట్రోపిన్ ఇస్తారు, ఊపిరితిత్తుల్లో నీరు తగ్గేదాకా డోసు రెట్టింపు చేసుకుంటూ పోతారు. ఆ మందు ప్రభావానికి మనిషి కలవరించడం, గాలిలో ఏదో పట్టుకోబోవడం చూసి 'పిచ్చెక్కించారు' అని బంధువులు ఏడుస్తారు. అది తగ్గిపోతుంది. విరుగుడు లేని మందులూ ఉన్నాయి, అక్కడ కిడ్నీలు, ఊపిరితిత్తులు కాపాడటమే పని.

బతికి బయటపడిన మనిషిని 'పరువు తీశావు' అని వార్డులోనే తిట్టకండి, దయచేసి. అప్పుల బాధో ఇంటి గొడవో ఏదైనా సరే, మాట్లాడటానికి 14416 టెలీ మానస్ నంబరు ఉంది. రోజంతా ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నోట్లో గొట్టం వేశారంటే ఇక ఆశ లేనట్టేనా?

కాదు. కట్లపాము కాటుకు, పురుగుల మందుకు గొట్టం వేస్తే చాలామంది బతుకుతారు. అయితే ఈ రోజుల్లో గొట్టం దాకా పోకుండానే ఆపే పద్ధతులు పెరిగాయి. బిగుతైన మాస్కుతో ఒత్తిడి ఇచ్చే బైపాప్, ముక్కు ద్వారా వేడి చేసిన తేమగాలిని నిమిషానికి 60 లీటర్ల దాకా పంపే హై ఫ్లో ఆక్సిజన్. కోవిడ్ తర్వాత ఇవి జిల్లా ఆసుపత్రులకూ వచ్చాయి. గొట్టం తప్పకపోతే, చివర కెమెరా ఉన్న వీడియో లారింగోస్కోప్‌తో తెర మీద చూస్తూ వేస్తున్నారు.

పిల్లవాడికి ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టాలా?

తాళాలూ ఉల్లిపాయా ఏమీ చేయవు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, టైమ్ చూడండి, నోట్లో ఏమీ పెట్టవద్దు. అయిదు నిమిషాలు దాటితే ఆపడానికి మందు కావాలి. నరం దొరకని స్థితిలో కూడా ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఉంది. తరచూ ఫిట్స్ వచ్చే పిల్లలు ఉంటే డాక్టరును అడిగి ఇంట్లో పెట్టుకోండి, డోసు బరువును బట్టి రాయించుకోండి.

ఎండదెబ్బకు పారాసిటమాల్ వేయొచ్చా?

పనిచేయదు. మే నెల ఎండలో పనిచేస్తూ పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా అక్కడే నీడలో పడుకోబెట్టి ఒంటి నిండా నీళ్లు పోసి విసరండి. ఆసుపత్రుల్లో ఇప్పుడు మంచునీళ్లలో ముంచి ఉష్ణోగ్రతను 39 డిగ్రీల సెల్సియస్ దాకా వేగంగా దించుతున్నారు. స్పృహ లేని మనిషి నోట్లో మజ్జిగ పోయవద్దు.

మనిషి కుప్పకూలి ఊపిరి ఆగితే?

108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి అయిదు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. నోటితో ఊదడం రాకపోతే వద్దు, నొక్కడం ఆపకండి. దగ్గర్లో ఏఈడీ (గుండెకు కరెంటు షాక్ ఇచ్చే యంత్రం) పెట్టె ఉంటే తెరవండి, షాక్ అవసరమో కాదో అదే చూసి చెబుతుంది.

స్కాన్‌ను కంప్యూటరే చదివేస్తుందట. డాక్టరు అవసరం లేదా?

తల సీటీలో రక్తస్రావం ఉందేమో నిమిషాల్లో గుర్తించి హెచ్చరించే సాఫ్ట్‌వేర్లు వాడకంలోకి వచ్చాయి. అర్ధరాత్రి రేడియాలజిస్టు లేనప్పుడు ఏ స్కాన్ ముందు చూడాలో చెప్పడానికి బాగా పనికొస్తాయి. నిర్ణయం డాక్టరుదే.

వచ్చేటప్పుడు ఏం తేవాలి, ఏం చెప్పాలి?

వాడుతున్న మాత్రల అట్టలు అన్నీ ఒక కవర్లో వేసుకుని రండి. 'బీపీ మాత్ర, తెల్లగా ఉంటుంది' అంటే మాకు తెలియదు. పాత ఈసీజీ ఉంటే తప్పకుండా తెండి, కొత్తదాని పక్కన పెట్టి చూస్తాం. కార్డులు, ఆధార్ ఇంట్లో మరిచిపోతే వాటికోసం వెనక్కి పోవద్దు, ఇంకొకరిని పంపించండి. మనిషి ఆఖరుసారి ఎన్ని గంటలకు బాగా ఉన్నాడో చూసిన వ్యక్తి అంబులెన్సులో వెంట రావాలి, లేదా ఆ మనిషి ఫోన్ నంబరైనా ఉండాలి. గుండెకు స్టెంటు, వాల్వు వేయించుకుని రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నవాళ్లయితే, ఆ సంగతి లోపలికి వస్తూనే మొదటి నర్సుకు చెప్పండి. తలకు దెబ్బ తగిలినా, పక్షవాతం వచ్చినా ఇవ్వబోయే ఇంజెక్షన్ ఆ ఒక్క మాట మీదే మారిపోతుంది.